టిక్కెట్టు కొని కూర్చుండు పంక్తి

కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రములలో కాపురముండు తెలుగువారికి హవాయి ద్వీపములు ఐదారు గంటల విమానప్రయాణముతో అందునవి యగుటచేత, పిల్లల బడికి సెలవులు వచ్చినపుడో, హైదరాబాదు నుండియో విజయవాడ నుండియో వచ్చిన తల్లిదండ్రులకు మంచుకొండలు గాక మరియొకటి చూపవలెనని తోచినపుడో, ఆ యిండ్ల సంభాషణలలో హొనొలులూ, మావీ అను పేర్లు తరచుగా వినవచ్చుచున్నవి. విమానము, బస, అద్దెకారు కుదిరిన పిమ్మట, సముద్రస్నానములకును అగ్నిపర్వతదర్శనమునకును దినములు పంచుకొన్న పిమ్మట, కడపట నొక ప్రశ్న మిగులును: లువావు విందునకు పోవలెనా, మానవలెనా? ప్రశ్న చిన్నదే, దాని వెల మాత్రము చిన్నది కాదు. పెద్దవారి టిక్కెట్టు 150 డాలర్లకు లోపున దొరకుట నేడరుదు. వేదికకు చేరువనున్న బల్ల కావలెనన్నచో 200 దాటుట సామాన్యము. తాతతోను అమ్మమ్మతోను కూడిన ఆరుగురి కుటుంబమునకు ఒక్క సాయంకాలపు ముచ్చట వేయి డాలర్లకు చేరువగును.

ఈ ప్రశ్నకు రెండు సిద్ధమైన సమాధానములు ప్రచారములో నున్నవి. హవాయి దాక పోయి లువావు చూడనివాని ప్రయాణము వ్యర్థమనునది మొదటిది. హోటళ్ళ ముంగిళ్ళలో టిక్కెట్లమ్మువారందరును ఈ పక్షమువారే. అదియంతయు యాత్రికుల జేబులు తడుముటకై కట్టిన వేషమనియు, ‘అసలైన’ హవాయి అందు ఆవగింజంతయు లేదనియు పెదవి విరచి తీసివేయునది రెండవది. నాలుగు దేశములు తిరిగి వచ్చినవారికి ఈ పక్షము మిక్కిలి ప్రియమైనది, ఏలయన దీనిని పలుకుటచేత పలికినవాని రసజ్ఞత కొంత పెరిగినట్లు కానవచ్చును. నేను ఈ రెంటిని అంగీకరింపజాలను. లువావు చూడదగినదే యని నా యభిప్రాయము. కాని యే లువావైనను చూడదగినదని కాదు, ఎవరైనను చూడవలసినదేయనియు కాదు. ఆ విందు ఎంత ప్రాచీనము, ఎంత శుద్ధము అని కొలుచుట వృథాశ్రమ. ఆ సాయంకాలము మనలను పిలుచువారెవరు, వారు తమ సొత్తును చూపుచున్నారా, ఒరుల సొత్తును తెచ్చి తమదని చూపుచున్నారా యని విచారించుటయే యుక్తము.

ముందుగా ఆ సాయంకాలము నడచు తీరు చెప్పవలెను. సూర్యాస్తమయమునకు గంట రెండు గంటల ముందు అతిథులు సముద్రతీరపు పచ్చికబయలును చేరుదురు. మెడలో పూలదండయో గవ్వలదండయో పడును. చేతికి రమ్ముతో కలిపిన మైటై అను పానీయము వచ్చును. (ఇది హవాయి దేశపు పానీయమని నమ్మి త్రాగువారే యెక్కువ, అది కాలిఫోర్నియాలోని ఓక్లండు నగరమున 1944 ప్రాంతమున పుట్టి, 1953లో హొనొలులూలోని వైకీకీ హోటళ్ళకు ఎక్కినది.) కొంతసేపు కొబ్బరాకుల అల్లిక, పూలు గ్రుచ్చుట, ఈటె విసరుట మొదలగు వినోదములు సాగును. పిదప శంఖము పూరింపబడును. జనమంతయు ఇము అను పాతాళపు పొయ్యి చుట్టును మూగుదురు.

ఈ ఇము లువావునకు ఆయువుపట్టు. నేలలో గొయ్యి త్రవ్వి, అందు కియావే కట్టెలు పేర్చి, వానిపై అగ్నిపర్వతములనుండి వచ్చిన బొరియల రాళ్ళు ఎత్తి మంట పెట్టుదురు. కియావే అనగా మన మెట్టభూముల నాక్రమించిన సర్కారుతుమ్మకు దగ్గరి చుట్టము. ఆ ద్వీపములలో దాని మొదటి చెట్టు 1828లో ఒక ఫ్రెంచి మతగురువు చేతిమీదుగా నాటబడినది. రాళ్ళు కణకణలాడిన తరువాత, చితుకగొట్టిన అరటిబోదెలను వానిపై పరచి, ఉప్పు పట్టించిన పందిని దించి, దాని కడుపులోను కాలిన రాళ్ళుంచి, కీ అను మొక్క ఆకులును అరటియాకులును దట్టముగా కప్పి, తడిగోనెలు వేసి, ఆవిరి వెలికి రాకుండ మన్ను పూడ్చుదురు. అరటిబోదెలోని నీరే ఆవిరియై, పొగయు ఆకుల వాసనయు తోడుచేసికొని, గంటల తరబడి మాంసమును ఉడికించును. తెరచునప్పటికి అది ఎముకను వదలి పీచుపీచుగా విడిపోవును. లోహపాత్రయన్నది యెరుగని జనులు, మట్టికుండలు కూడ లేని ద్వీపములలో, ఒక యూరికి చాలు భోజనమును ఒక్కమారుగా వండుటకు కనుగొన్న యుపాయమిది. దీనిని తెరచుచుండగా ఒక్కసారి చూచుట మంచిదని నేను నిస్సంకోచముగా చెప్పుదును. అయితే ఒక్క పంది ఐదువందలమందికి చాలదని లెక్క తెలిసినవారెవరైనను గ్రహింపగలరు. తక్కిన మాంసము వంటశాలలలోనే ఉడికి వచ్చును. దీనిని మోసమనుట నాకు సమ్మతము కాదు. అంతమందికి వండవలసినవాడు మరేమి చేయగలడు?

భోజనమున పందిమాంసముతో పాటు, చేమయాకులలో చుట్టి ఆవిరిమీద ఉడికించిన లౌలౌ, ఉల్లి టమాటాలతో పిసికి కలిపిన ఉప్పుచేప లోమి సామన్, కోడితో వండిన సన్నని గాజుసేమియా, కొబ్బరిపాలతో పేరబెట్టిన హౌపియా అను తీపిబిళ్ళలు, పచ్చిచేపల పోకే, వీనికి తోడు జపాను వారి తెరియాకీ కోడి, మయొనీసు కలిపిన మకరోనీ కనుపించును. వీనినడుమ ఊదారంగుతో కూడిన బూడిదవన్నె ముద్ద యొకటి చిన్నగిన్నెలలో దీనముగా కూర్చుండి యుండును. నూటికి తొంబదిమంది దానిని వ్రేలికొసతో నాకి, జిగురని నవ్వి ప్రక్కకు నెట్టుదురు. అదే పోయ్. అదే ఆ బల్లపై నున్న వస్తువులన్నింటిలోను పెద్దది.

హవాయివారు కలో అని పిలుచునది మన చేమయే. పచ్చిదానిని తాకిన చేతులు దురదపెట్టుట మనకును వారికిని సమానమైన అనుభవము. ఆ దుంపను చక్కగా ఉడికించి, కొయ్యపలకపై రాతిరోకలితో మర్దించి, నీరు చేర్చి పలుచన చేసినది పోయ్. రెండు మూడు దినములు నిలువయున్నచో అది పులియును, ఆ పులుపునే కోరి తినువారు కలరు. ఆ జాతి పురాణమున ఆకాశపితయైన వాకేయాకు కలిగిన మొదటి కుమారుడు మృతుడై పుట్టగా, పాతిపెట్టిన చోట కలో మొక్క మొలచినదనియు, తరువాత పుట్టిన హాలోవా అను బిడ్డ మానవులకు మూలపురుషుడైనాడనియు చెప్పుదురు. అనగా మనిషికి చేమ అన్నగారు. అందుచేతనే పోయ్ పాత్ర మూత తీసియున్నంతసేపు ఇంటిలో కలహింపరాదని పెద్దల కట్టడి. ఇంతటి బాంధవ్యము గల అన్నమును వ్రేలితో నాకి నవ్వి నెట్టుట, అజ్ఞానము చేతనే యైనను, నాకు కంటగింపుగా తోచును. ఉప్పని మాంసముతో కలిపి తిన్నచో దాని చప్పదనమునకు అర్థము తెలియును. మాంసము ముట్టనివారు ఉప్పు నంచుకొని తినవచ్చును.

శాకాహారుల మాట వచ్చినది కావున అదియు చెప్పివేయుదును. పోయ్, చిలగడదుంపలు, అన్నము, పండ్లు, హౌపియా, కూరగాయలు: వీనితో కడుపు నిండును గాని, 150 డాలర్ల తృప్తి కలుగదు. కొన్నిచోట్ల ముందుగా చెప్పినచో మాంసములేని పళ్ళెము ప్రత్యేకముగా వడ్డింతురు. చెప్పక పోయి, బఫే వరుసలో నిలబడి ఏ గిన్నెలో ఏమున్నదని ప్రతివానిని విచారించుట ఇరుపక్షములకును విసుగు. మాంసము వాసనయే గిట్టని పెద్దలను పంది వెలికివచ్చు గోతి చెంతకు తీసికొనిపోయి, తరువాత వారు మౌనము వహించిరని నొచ్చుకొనుట న్యాయము కాదు.

ఇపుడు ‘అసలైన’ అను మాట చెంతకు వత్తము. పూర్వము ఆ ద్వీపములలో స్త్రీపురుషులు ఒక్క పంక్తిని భుజించుట మరణదండనార్హమైన అపరాధము. పంది, అరటి, కొబ్బరి మొదలగునవి స్త్రీలకు నిషిద్ధములు. మొదటి కమెహమెహా రాజు 1819 మే నెలలో మరణించిన తరువాత ఆయన రాణులలో అగ్రగణ్యురాలైన కాఅహుమానుయు, యువరాజునకు తల్లియైన కెఓపువోలానియు ఆ నిషేధమును ఉల్లంఘింప నిశ్చయించిరి. తల్లి తన చిన్నకుమారుడగు కవిక్యావులితో కలిసి భుజించి చూపగా, కొన్ని నెలలకు కొత్తరాజైన లిహోలిహో కైలువా తీరమున జరిగిన విందులో పురుషుల బల్ల విడిచి వచ్చి స్త్రీల నడుమ కూర్చుండి తినెను. దేవతలేమియు చేయలేదు. ఒక భోజనముతో ఒక ధర్మశాస్త్రము కూలిపోయినది. క్రైస్తవ మతబోధకులు బోస్టను నుండి వచ్చి ఆ తీరమున దిగుట మరుసటి యేట, 1820లో. వారు వచ్చునప్పటికే పాతకట్టడిని ఆ దేశస్థులే విప్పి పారవైచిరి. నేడు మనము చూచు లువావు, ఆడువారును మగవారును పిల్లలును ఒక్కచో కూర్చుండి ఒక్కటే వంట తిను విందు, ఆ నాటి తిరుగుబాటునకు సంతానము. ఆ కైలువా తీరమున, రాజు నివసించిన చోటు ప్రక్కనే, నేడొక హోటలు కలదు. దాని పచ్చికమీద యాత్రికులకు లువావు జరుగుచుండును. వరుసలో పళ్ళెము పట్టుకొని నిలబడిన భార్యాభర్తలలో ఎందరికి ఆ సంగతి తెలియునో కాని, వారట్లు కలిసి నిలబడుటకు కారణము ఆ నేలమీద జరిగినదే.

తల్లితో కలిసి భుజించిన ఆ చిన్నకుమారుడే మూడవ కమెహమెహా. 1843లో ఒక బ్రిటిషు నౌకాధికారి ఐదు నెలలపాటు ఆక్రమించిన పిమ్మట మరల దక్కిన స్వాతంత్ర్యమును స్మరించుచు, ఆయన 1847 జూలై నెలాఖరున నువువాను లోయలోని తన వేసవి విడిదియందు ఇచ్చిన విందునకు పదివేలమంది వచ్చిరని ప్రసిద్ధి. దాని వంటపట్టీ నేటికిని నిలిచియున్నది: 271 పందులు, 482 పెద్ద గిన్నెల పోయ్, 602 కోళ్ళు, 2,245 కొబ్బరికాయలు; వీనితోపాటు 3 ఎద్దులు, 82 టర్కీ కోళ్ళు, పీపాలకొలది ఉల్లి, క్యాబేజీ, బిస్కత్తులు. ఎద్దులుగాని, టర్కీకోళ్ళుగాని, ఉల్లిగాని, బిస్కత్తుగాని ఆ ద్వీపములవి కావు. కెప్టెన్ కుక్కు 1778లో లంగరు దించిన తరువాత ఒక్కొక్కటిగా వచ్చినవి. సామన్ చేప అమెరికా వాయవ్యతీరమునుండి ఉప్పుపీపాలలో వచ్చినది. గాజుసేమియా చెరకుతోటలకు వచ్చిన చీనాకూలీల వెంట వచ్చినది. రాజుగారి పంక్తియే ఇన్ని దేశముల వంటలతో నిండియుండగా, నేటి బఫేలో మకరోనీ కనబడినదని ముక్కు విరచుటకు మనమెవరము? ఎన్నడును లేని శుద్ధిని ఊహించుకొని, అది లేదని నిట్టూర్చువారిమీద నాకు జాలి కలుగదు.

నృత్యము సంగతి వేరు. అక్కడ మాత్రము కొంత పట్టుదల అవసరమని నా తలంపు. మతబోధకుల ప్రభావమున క్రైస్తవురాలైన కాఅహుమాను 1830లో హులా యను ఆ దేశపు నృత్యమును బహిరంగముగా ఆడరాదని నిషేధించెను. 1883లో కలాకావా మహారాజు తన పట్టాభిషేకోత్సవమున హులాను సగౌరవముగా నిలిపినపుడు, ఆ నృత్యకార్యక్రమమును అచ్చొత్తించినవారిపై అశ్లీలప్రచురణమను అభియోగము మోపబడెను. దేవదాసీల యాటకు పట్టిన గతి నెరిగిన మనకు ఇది వింతగా తోపదు. నాటి ఆ రాజుగారి ముద్దుపేరుతోనే నేడు హీలో పట్టణమున ఏటేట ఈస్టరు పండుగ తరువాతి వారమున మెరీ మోనార్క్ ఉత్సవము జరుగుచున్నది; 1971 నుండి అందు హులా పోటీలు సాగుచున్నవి. ద్వీపములనుండియు, విదేశములనుండియు గురుకులములు, వానిని హాలావులందురు, ఏడాది పొడవున సాధనచేసి అక్కడికి వచ్చును. అక్కడ చేతివ్రేలి కదలికలో పొరపాటును పసిగట్టగల ప్రేక్షకులు కూర్చుందురు.

ఇందుకు సరిగా ఎదుటి కొసన నున్నది కొడాక్ హులా ప్రదర్శనము. ఫోటోగ్రాఫు ఫిలిము అమ్ము ఆ సంస్థ 1937లో వైకీకీలో దానిని స్థాపించినది. లువావులు సంధ్యవేళ జరుగును; నాటి ఫిలిమునకు ఆ వెలుతురు చాలదు. కావున పట్టపగటి యెండలో, సూర్యుడు ప్రేక్షకుల వీపున పడునట్లు పీటలు వేసి, యాత్రికులు హాయిగా ఫోటోలు తీసికొనుటకై స్త్రీలచేత ఆడించిరి. అది 2002 వరకు నడచినది. అరువదియైదేండ్లు లోకమునకు హులాయన్నచో తోచిన రూపము చాలవరకు కెమెరా అద్దమునకు అనువుగా దిద్దిన రూపము. అయినను అందు ఆడినవారిలో ఆ విద్య నెరిగినవారు పెక్కుమంది యుండిరి. వారి జీతములతో వారి సంసారములు గడచినవి. ఇట్టివానిని గురించి ఒక్క మాటలో తీర్పు చెప్పుట సులభమని నేననుకొనను.

నిప్పుకత్తి సంగతి మాత్రము సులభమే. అనేక లువావులకు ముగింపుగా, చీకటిలో, ఇరుకొసల మండు కత్తిని గిరగిర త్రిప్పు యువకుడొకడు వచ్చును. పిల్లలు కేకలు వేయుదురు, పెద్దలును మనసారా చప్పట్లు కొట్టుదురు. అది హవాయిది కాదు, సమోవాది. సమోవాలోను దానికి మంట అంటినది 1946లోనే: ఫ్రెడ్డీ లెతూలి యను సమోవా నర్తకుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో, నిప్పు మ్రింగు ఒక హిందూ గారడీవానిని, వెలుగుల కఱ్ఱ త్రిప్పు ఒక బాలికను చూచి, తన పూర్వుల కత్తియాటకు నిప్పు జోడించెనని చెప్పుదురు. మనకును ఆ మంటలో కొంత పాలున్నదన్నమాట! ఆట గొప్పదే, ఆడుట ప్రాణాపాయకరమే. దానిని సమోవా ఆట యని చెప్పి ఆడించువారిని తప్పుపట్టను. తహీతి నడుముల త్వరితనాట్యమును, న్యూజీలండు మావోరీల హకాను, సమోవా నిప్పును ఒకటిగా కలిపి, పేరు చెప్పక, అంతయు ‘ప్రాచీన హవాయి’ యని చాటువారిని మాత్రము వదలివేయుడని చెప్పుదును. ఓవాహూ ఉత్తరతీరమున లాయియె గ్రామములో 1963 నుండి నడచుచున్న పోలినీషియా సాంస్కృతికకేంద్రము ఈ విషయమున నిజాయతీ గలది. ఏ ద్వీపపు ఆట ఆ ద్వీపపు పేరుననే అక్కడ కానవచ్చును. మోర్మను క్రైస్తవసంఘమువారు దానిని నడపుచున్నారు. ప్రక్కనున్న వారి విశ్వవిద్యాలయపు విద్యార్థులు అందు పనిచేసి చదువు సాగించుకొనుచున్నారు. అక్కడ మద్యము లభింపదు. ముసలివారితోను పసివారితోను పోవు మన కుటుంబములకు ఇవి గుణములే. దీనికి భిన్నముగా, మావీలో 1986 నుండి నడచుచున్న ఓల్డ్ లహైనా లువావు హవాయి కథనే, హులా ద్వారా, చెప్పుటకు కట్టుబడి నిప్పుకత్తిని వేదిక యెక్కింపలేదు. 2023 ఆగస్టు 8న లహైనా పట్టణమును దహించి నూరుమందికి పైగా ప్రాణములు తీసిన మంటలలో ఆ విందుశాల బ్రతికి బయటపడినది. 2024లో మరల తెరచుకొన్నది. పట్టణము బూడిదయైన చోట విందు చేసికొనుట యెట్లని సందేహించువారి మనోభావము మెచ్చదగినదే. కాని అక్కడ పనిచేయువారిలో ఇండ్లు కోల్పోయినవారుందురు, వారికి కావలసినది మన సందేహము కాక జీతము.

ఈ వాదమునకు గట్టి ప్రతివాదము కలదు. దానిని దాచుట తగదు. 1893లో అమెరికా నావికాదళపు నీడలో లిలియువోకలాని రాణిని పదవీచ్యుతురాలిని చేసి, 1898లో ఆ దేశమును కలుపుకొని, 1896 శాసనముచేత బడులనుండి హవాయిభాషను వెడలగొట్టి, చెరకుతోటలకై ఏరుల నీటిని మళ్ళించి చేమపొలములను ఎండబెట్టిన పిమ్మట, ఆ జాతివారిచేతనే పూలదండలు వేయించుకొని వారి ఆతిథ్యమును పొగడుట క్రూరపరిహాసమని హవాయి పండితురాలు హౌనానీ-కే ట్రాస్క్ 1993లో వెలువడిన తన గ్రంథమున తీవ్రముగా వాదించెను. పర్యాటకవ్యాపారమును వేశ్యావృత్తితో పోల్చుటకును ఆమె వెనుదీయలేదు. 14 లక్షల జనులున్న ద్వీపములకు 2019లో కోటికి మించి యాత్రికులు వచ్చిరి. ఇంటి ధరలకు తాళలేక వలస పోగా, 2020 జనగణన నాటికి హవాయి మూలవాసులలో సగమునకు మించి ఆ రాష్ట్రమునకు వెలుపలనే యున్నారు. ఈ నిజములు తెలిసి, లువావు బల్లవద్ద ఆనందముగా కూర్చుండుట ఎట్లు?

ఆమె చెప్పిన చరిత్ర నేను కాదనను. ఆ ముగింపు మాత్రము యాత్రికుని ఇంటికి పంపునేగాని, వేదికపై నున్న స్త్రీని గురించి చెప్పవలసినదంతయు చెప్పదు. బడిలో నోరెత్తరాదన్న భాష ఒక తరము ముసలివారి నోళ్ళలో మిగిలియుండగా, 1978లో రాష్ట్ర రాజ్యాంగము దానికి అధికారభాషా ప్రతిపత్తి నిచ్చెను. 1984 నుండి పసిపిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పు బడులు మొదలైనవి. నేడు ఓలి యను స్తోత్రమును ఎత్తుకొను యువతి, తన అమ్మమ్మకు నిషిద్ధమైన భాషలో ఎలుగెత్తుచున్నదై యుండవచ్చును. హోటలువాడు ఇచ్చు జీతము ఆమె హాలావు గడచుటకు తోడ్పడవచ్చును. ఆమెకు ఆ పాట నేర్పిన గురువునకు, అనగా కుము హులాకు, పాటయెంపికలో అధికారమున్నచోట ఆ ప్రదర్శనము ఆమె సొంతము. హోటలు వినోదాధికారి చేతిలోని పట్టీ ప్రకారము ఆడవలసిన చోట ట్రాస్క్ చెప్పినదే నిజము. రెండును ఒకే తీరమున, ఒకే వెలకు, ఒకే రకపు పూలదండలతో అమ్ముడుపోవుచుండుటయే చిక్కు.

ఇక ఎంత మంచిదైనను, టిక్కెట్టు లువావునకు ఒక లోపము తప్పదు. మన పెండ్లిపంక్తికి టిక్కెట్టు పెట్టి, ఏ పక్షపు చుట్టము కాని ఐదువందలమందిని కూర్చుండబెట్టినచో, గారెలు బూరెలు అవే యైనను కొసరి వడ్డించు మేనత్త యుండదు, అలిగిన బావగారుండడు, వధూవరులెవరో తెలియదు. ఆ విందులో రుచి దక్కునేగాని సందర్భము దక్కదు. హవాయివారి ఇంటి లువావులు నేటికిని సందర్భముల చుట్టును జరుగుచున్నవి. శిశువునకు మొదటి యేడు నిండినపుడు చేయు విందు అన్నిటికన్న పెద్దది. తెల్లవారు తెచ్చిన తట్టువంటి వ్యాధులకు పసివారు రాలిపోయిన కాలమున, ఏడాది దాటిన బిడ్డ నిలిచినట్లేయని ఊరంతయు కలసి ఊపిరి పీల్చుకొనుటలో ఆ ఆచారము బలపడినదని చెప్పుదురు. మేనమామలు రాత్రియంతయు ఇము కాతురు. పినతల్లులు లౌలౌ చుట్టుదురు. అట్టి విందునకు పిలుపు వచ్చినచో టిక్కెట్టు లువావును రద్దుచేసికొనియైనను పోవుడు, బిడ్డకు కానుక మరువకుడు. పిలుపు లేనివారికి మధ్యమార్గమొకటి కలదు: చర్చీలు, బడులు, పడవపందెముల సంఘములు నిధులకై అపుడపుడు లువావులు జరుపును. అక్కడ వేదిక చిన్నది, వెలుగులు తక్కువ, ఆడు పిల్లల తల్లులు మన ప్రక్కనే కూర్చుందురు; వెలయు సగముకన్న తక్కువే యుండును. వాడకట్టు బల్లలమీది ప్రకటనలు చదువువారికి అవి కంటబడును.

ఏనాడు పోవలెనన్న ప్రశ్నకు నా సమాధానము కొందరికి రుచింపకపోవచ్చును. చాలమంది తొలిరేయినే లువావు పెట్టుకొందురు, దానితో ‘హవాయి మొదలైనది’ యని. తొలిరేయి వలదు. కాలిఫోర్నియాకన్న హవాయి గడియారము రెండు మూడు గంటలు వెనుక నడచును. తాతగారు మద్దెల మోగువేళకు కునుకుదురు, పసివాడు నిప్పు రాకమునుపే ఏడ్పు మొదలుపెట్టును. అంతకన్న ముఖ్యమైనది మరొకటి: తొలిరేయి వేదికను చూచినవానికి తరువాత ద్వీపమంతయు ఆ వేదికకు వెనుకతెరగా కానవచ్చును. కొన్ని దినములు తిరిగి, కవాయీలోని హనలేయి లోయలో నీటిమళ్ళలో నిలిచిన చేమపైరును కొండమీదినుండి చూచి, హొనొలులూలో 1946 నుండి నడచుచున్న హెలెనా భోజనశాలవంటి చోట చిన్నపళ్ళెములలో పందియు పోయ్‌యు అసలువెలకు తిని, బిషప్ మ్యూజియములో రాతిరోకలిని, పక్షియీకల ఉత్తరీయములను చూచిన తరువాత, తిరుగుప్రయాణమునకు ముందునాటి సాయంకాలము లువావునకు పోయినవానికి, ఇము తెరచునపుడు వచ్చు ఆవిరిలో ఏమున్నదో, కలో పాట పాడునపుడు చేతులు నేలవైపు ఎందుకు వంగుచున్నవో కొంత తెలియును.

కుటుంబమంతయు కలసియే పోవలెనను నియమము కూడ నాకు నచ్చదు. మాంసము తినువారు, ఆటయందు ఆసక్తి గలవారు ముగ్గురున్నచో ముగ్గురు పోవుదురు గాక. తక్కినవారు ఆ సాయంకాలము సముద్రపుటొడ్డున కూర్చుండి తెచ్చుకొన్న పులిహోర తిన్నంతమాత్రమున వారి హవాయి తగ్గిపోదు. పోవ నిశ్చయించినవారు టిక్కెట్టు కొనుటకు ముందు ఫోను చేసి మూడు ప్రశ్నలు అడుగవలెను: మాంసము లేని పళ్ళెము విడిగా వడ్డింతురా, ఏయే ద్వీపముల ఆటలు ఏ పేర్లతో చూపుదురు, మీ కుము హులా ఎవరు? మొదటి రెంటికి సమాధానము ఎట్లున్నను సర్దుకొనవచ్చును. మూడవ ప్రశ్నకు అవతలివాడు తడబడి, మేనేజరును పిలుతునన్నచో, ఫోను పెట్టివేయుడు.